మిద్దె మీద బ్రకోలీ: విత్తనం నుంచి పువ్వు దాకా

బ్రకోలీలో మనం తినేది ఇంకా విచ్చుకోని పూమొగ్గల గుత్తి. సన్నటి మొగ్గలు వేలకొద్దీ కలిసి ఒక్క పువ్వులా కనిపిస్తాయి. అవి బిగుసుకుని పచ్చగా ఉన్న కొద్ది రోజుల్లోనే కోసుకోవాలి. వాతావరణం చల్లగా ఉంటే ఆ దశ వారం దాకా ఆగుతుంది. ఎండ ముదిరితే రెండు మూడు రోజుల్లోనే మొగ్గలు వదులై, పసుపు పూలు పూసేస్తాయి. అందుకే మన దగ్గర బ్రకోలీ సాగులో ఎరువు కన్నా, మందు కన్నా ముందు చూడాల్సింది క్యాలెండరు. సరైన వారంలో విత్తితే మామూలు మట్టిలోనూ పువ్వు వస్తుంది. తప్పు నెలలో విత్తితే ఎంత మంచి ఎరువు వేసినా ఆకులే మిగులుతాయి.

ఇక్కడ చెప్పే లెక్కలు ప్రధానంగా హైదరాబాద్, చుట్టుపక్కల జిల్లాల మిద్దెతోటలకు, పెరటి మడులకు సరిపోతాయి. మిగతా ప్రాంతాలవాళ్లు ఏం మార్చుకోవాలో సందర్భం వచ్చినచోట చెబుతాను.

ఎప్పుడు విత్తాలి

మొక్క ఆకులు పెంచుకునేటప్పుడు కాస్త వేడిని ఓర్చుకుంటుంది. పువ్వు కట్టేటప్పుడు మాత్రం దానికి 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం ఇష్టం. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి నెలల్లో పగలు 28 డిగ్రీల దాకా పోయినా, రాత్రి 14, 15కి దిగుతుంది. ఆ చల్లటి రాత్రులే మనకు దిక్కు. కాబట్టి డిసెంబరు రెండో వారం నుంచి సంక్రాంతి దాకా ఉన్న రోజుల్లో పువ్వు చేతికి రావాలని ముందే నిర్ణయించుకుని, అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి.

త్వరగా కోతకొచ్చే హైబ్రిడ్ రకాలకు నాటిన తర్వాత 60, 70 రోజులు పడుతుంది. అంటే అక్టోబరులో నాటాలి. నారు పెరగడానికి 25 నుంచి 30 రోజులు. అంటే సెప్టెంబరు రెండో వారం నుంచి నెలాఖరులోగా విత్తనం పడాలి. పండగలతో గుర్తుపెట్టుకునేవాళ్లకు ఇంకా సులువు: వినాయక నిమజ్జనం అయ్యాక విత్తనం, దసరాకి నాటు. నిమజ్జనం జరిగే అనంత చతుర్దశికి, విజయదశమికి మధ్య దాదాపు 26 రోజులు ఉంటాయి. నారుకి కావలసిన వయసు కచ్చితంగా అంతే. కాకపోతే 2025లో లాగా దసరా అక్టోబరు 2నే వచ్చేసిన ఏడాది, పండగను వదిలి తేదీనే నమ్ముకోవడం మంచిది. ఓ పది రోజులు ఆలస్యమైనా నష్టం లేదు.

అన్ని విత్తనాలూ ఒకేసారి వేయకండి. పదిహేను రోజుల తేడాతో రెండు దఫాలుగా విత్తుకుంటే పువ్వులన్నీ ఒకే వారంలో మీద పడవు. ఒక దఫాని వానో పురుగో దెబ్బతీసినా రెండోది ఉంటుంది.

కోస్తాలో, అంటే విజయవాడ, విశాఖపట్నం, కాకినాడ వైపు, చలికాలం రాత్రులు అంత చల్లగా ఉండవు. అక్కడ ఒక్క దఫానే పెట్టుకుని, అక్టోబరు మొదట్లో విత్తి, వేడిని తట్టుకునే హైబ్రిడ్‌నే ఎంచుకోవాలి. పువ్వు కాస్త చిన్నదే వస్తుంది. ఆదిలాబాద్ వైపు చలి ఎక్కువ, మదనపల్లె ఎత్తు ప్రాంతం, ఇక అరకు, లంబసింగి సంగతి చెప్పనక్కర్లేదు. ఈ చోట్ల వాళ్లు సెప్టెంబరు నుంచి నవంబరు మొదటి వారం దాకా నిశ్చింతగా విత్తుకోవచ్చు.

ఇంకో మాట. విదేశీ వీడియోల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇంట్లో దీపాల కింద విత్తనం వేయడం చూపిస్తారు. మంచు కరిగే దేశాలకు అది సరైన పద్ధతే. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు అలా చేయాల్సిందే. సికింద్రాబాద్‌లో మార్చిలో వేస్తే మాత్రం మే నెల ఎండకి మొక్క ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఏ విత్తనం

బ్రకోలీ, క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్ నాలుగూ వృక్షశాస్త్రం ప్రకారం ఒకే జాతి మొక్కలు. కాలీఫ్లవర్ పెంచిన అనుభవం ఉంటే బ్రకోలీ సగం వచ్చినట్టే.

మన దేశంలో తయారైన రకాల్లో పూసా కేటీఎస్-1 పేరు ఎక్కువగా వినిపిస్తుంది. దీన్ని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వారి కట్రాయిన్ ప్రాంతీయ కేంద్రం రూపొందించింది. అది హిమాచల్ ప్రదేశ్‌లోని కులు లోయలో ఉంది. పాలంపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి పాలం సమృద్ధి వచ్చింది. మంచి రకాలే, కానీ పుట్టింది హిమాలయాల చలిలో. దక్కన్ పీఠభూమిలోని పొట్టి చలికాలానికి తొందరగా పువ్వు కట్టే ఎఫ్-1 (మొదటి తరం సంకర) హైబ్రిడ్లే నయం. సకాటా వారి గ్రీన్ మ్యాజిక్ వేడిని కొంత ఓర్చుకుంటుందని పేరు తెచ్చుకుంది. ఏ కంపెనీదైనా పర్వాలేదు, ప్యాకెట్ మీద 'నాటిన తర్వాత 60–70 రోజులు' అని ఉందా, ప్యాక్ చేసిన తేదీ ఈ ఏడాదిదేనా అన్నవి చూసుకోండి. ఊదా, పసుపు రంగు బ్రకోలీ అంటూ ఆన్‌లైన్‌లో అమ్మే రంగురంగుల ప్యాకెట్ల జోలికి మొదటి ఏడాదే పోవద్దని నా సలహా.

గ్రాముకు సుమారు 300 గింజలు తూగుతాయి. పది మొక్కలు కావాలంటే పదిహేను గింజలు వేస్తే చాలు. మిగిలినవి గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే మూడేళ్ల దాకా బాగా మొలుస్తాయి. హైబ్రిడ్ మొక్క నుంచి విత్తనం కట్టుకోవాలని చూడకండి. తర్వాతి తరం తల్లిలా ఉండదు. పైగా పక్కన క్యాబేజీయో కాలీఫ్లవరో పూస్తే దాంతో సంకరమైపోతుంది.

నారు పెంచడం

పని మొత్తంలో ఎక్కువ మొక్కలు పోయేది ఈ నెల రోజుల్లోనే. ఇక్కడ తొందరపడకూడదు.

ప్రోట్రే, అంటే నారు పెంచే గుంతల ట్రే, తీసుకోండి. 50 గుంతలది అయితే వేళ్లకు చోటు బాగా ఉంటుంది. 98 గుంతలది కూడా పనికొస్తుంది. ట్రే లేకపోతే అడుగున చిల్లులు పెట్టిన పేపరు కప్పులైనా సరే. కొబ్బరిపొట్టు ఇటుకను నీళ్లలో నానబెట్టి, పిండి, మళ్లీ నీళ్లు పోసి ఇంకోసారి పిండేయండి. దాంట్లో ఉండే ఉప్పు అలా పోతుంది. కొబ్బరిపొట్టులో పోషకాలు దాదాపు ఉండవు కాబట్టి రెండు పాళ్ల పొట్టుకి ఒక పాలు జల్లించిన వర్మీకంపోస్టు కలపండి. కిలో మిశ్రమానికి రెండు చెంచాల ట్రైకోడెర్మా విరిడి (మేలు చేసే శిలీంధ్రం) పొడి కలిపితే నారుకుళ్లు బెడద బాగా తగ్గుతుంది.

గుంతకి ఒక్క గింజ, అర అంగుళం లోతు చాలు. పైన పలచగా పొట్టు చల్లి, స్ప్రేయరుతో తడిపి, తడి గోనెపట్టా కప్పి నీడలో పెట్టండి. సెప్టెంబరు వాతావరణంలో మూడు నుంచి అయిదు రోజుల్లో మొలుస్తాయి. మూడో రోజు నుంచి పొద్దునా సాయంత్రం పట్టా ఎత్తి చూడాలి. ఒకటి రెండు మొలకలు కనబడగానే పట్టా తీసేసి ట్రేని వెలుతురులోకి మార్చాలి. ఒక్క రోజు అశ్రద్ధ చేసినా మొలకలు వెలుతురు కోసం సాగి, దారాల్లా పొడుగై, పక్కకి ఒరిగిపోతాయి. అలా సాగిన నారును కాపాడటానికి ఒకటే దారి: నాటేటప్పుడు బీజదళాల (మొలకకు మొట్టమొదట వచ్చే రెండు ఆకుల) దాకా లోతుగా పాతడం.

మొదటి రెండు రోజులు ఉదయం రెండు గంటల ఎండ, ఆ తర్వాత నాలుగైదు గంటలు, రెండో వారం దాటాక పూర్తి ఎండ. హైదరాబాద్‌లో సెప్టెంబరు అంటే ఉన్నట్టుండి కుండపోత. ఆ వాన నేరుగా ట్రే మీద పడితే పొట్టు కొట్టుకుపోతుంది, మొలకలు కుళ్లిపోతాయి. సన్‌షేడ్ కిందనో, పైన పారదర్శకమైన పాలిథిన్ పట్టా ఉన్నచోటనో ట్రే పెట్టుకోండి.

మొలక కాండం మట్టి దగ్గర సన్నబడి, నీరు పట్టినట్టు నల్లగా మారి పడిపోతే అది నారుకుళ్లు. పడిపోయినదాన్ని బతికించలేం. దాన్ని తీసేసి, నీళ్లు తగ్గించి, గాలి ఆడేలా చూస్తే పక్కవి నిలబడతాయి. నీళ్లు ఎప్పుడూ ఉదయం పూటే. సాయంత్రం పోస్తే రాత్రంతా తడిగా ఉండి శిలీంధ్రానికి కలిసొస్తుంది.

రెండు అసలు ఆకులు వచ్చాక, అంటే పన్నెండో రోజు ప్రాంతంలో, లీటరు నీటికి ఒక గ్రాము 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) కలిపి ఒకసారి పోయండి. రసాయనం వద్దనుకునేవాళ్లు వర్మీవాష్‌ని పదింతల నీళ్లలో కలిపి వాడుకోవచ్చు. నాటడానికి నాలుగు రోజుల ముందు నీళ్లు కొంచెం తగ్గించి, ట్రేని రోజంతా ఎండలో ఉంచితే నారు గట్టిపడుతుంది.

కుండీ, మట్టి

ఒక కుండీకి ఒక్కటే మొక్క. కనీసం 12 అంగుళాల లోతు, 15 నుంచి 20 లీటర్ల మట్టి పట్టేది కావాలి. రంగులేసేవాళ్లు వదిలేసే 20 లీటర్ల పెయింటు బకెట్లు దీనికి అచ్చంగా సరిపోతాయి. శుభ్రంగా కడిగి, అడుగున అయిదారు చిల్లులు పెట్టుకోవాలి. 'చిన్న కుండీలో రెండు పెడదాం, ఏదో ఒకటి వస్తుంది' అనుకుంటే రెండూ గుండీలంత పువ్వు పూసి ఊరుకుంటాయి. పెరట్లో మడి అయితే మొక్కకీ మొక్కకీ 45 సెంటీమీటర్ల దూరం ఉంచండి.

రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు. బకెట్టుకి రెండు గుప్పెళ్ల వేపపిండి. నల్లరేగడి అయితే నీళ్లు నిలవకుండా పొట్టు, ఎరువు ఎక్కువ కలపాలి. ఎరువు చివకకపోతే వేళ్లు మాడిపోతాయి, చెదలు కూడా వస్తాయి. కాబట్టి వేడి, వాసన పూర్తిగా పోయినదే వాడండి. ఈ మిశ్రమాన్ని నాటడానికి పది రోజుల ముందే కుండీల్లో నింపి, తడుపుతూ ఉంచితే మట్టి కుదురుకుంటుంది.

నాటడం

నాలుగైదు అసలు ఆకులు రాగానే నాటేయాలి. ఇక్కడ ఆలస్యం చాలా ఖరీదైనది. ట్రేలో నలభై రోజులు మగ్గిన నారుకి వేళ్లు చుట్టుకుపోతాయి. అప్పుడది 'ఇంక పెరిగే యోగం లేదు' అన్నట్టుగా చిన్నతనంలోనే పువ్వు కట్టేస్తుంది. అరచేతిలో సగం కూడా ఉండని పువ్వులు రావడానికి చాలా ఇళ్లలో అసలు కారణం ఇదే, నింద మాత్రం విత్తనానికి పడుతుంది. నర్సరీలో నారు కొనేవాళ్లు కూడా ట్రే అడుగున వేళ్లు గోధుమరంగులో చుట్టుకుని ఉన్నాయేమో చూసుకుని, ఉంటే వద్దనేయండి.

సాయంత్రం నాటండి. ట్రేని గంట ముందు తడిపితే మొక్క వేరుముద్దతో సహా ఊడి వస్తుంది. బీజదళాల దాకా మట్టిలోకి దించి, చుట్టూ వేళ్లతో అదిమి, నెమ్మదిగా నీళ్లు పోయాలి. అక్టోబరు ఎండ ఒక్కోసారి చురుక్కుమంటుంది, మూడు రోజులు మధ్యాహ్నం పూట నీడ ఇవ్వండి. తర్వాత రోజుకి ఆరు గంటల ఎండ తగలాల్సిందే.

నీళ్లు, ఎరువులు

మట్టి పైపొర అంగుళం లోతున ఆరిందనిపించినప్పుడు నీళ్లు పోయండి. ఒక రోజు ఎండగట్టి మరుసటి రోజు ముంచేయడం దీనికి పడదు, ముఖ్యంగా పువ్వు కట్టే వారాల్లో. మట్టి మీద ఎండుటాకులో వరిగడ్డో రెండు అంగుళాల మందాన పరిస్తే తడి నిలకడగా ఉంటుంది.

నాటిన పన్నెండో రోజు నుంచి ప్రతి రెండు వారాలకు ద్రవ ఎరువు ఇవ్వాలి. గుప్పెడు వేరుశనగ చెక్కను లీటరు నీటిలో మూడు రోజులు నానబెట్టి, పదింతల నీళ్లు కలిపి మొక్కకి అర లీటరు చొప్పున పోస్తే చాలు. జీవామృతం చేసుకునేవాళ్లు అదే వాడుకోవచ్చు. నెల దాటాక మొదలు దగ్గర మట్టి ఎగదోస్తే మొక్క ఒరగదు. నడిమధ్యలో చిన్న పువ్వు కనబడ్డాక ఇంకొక్కసారి ఇచ్చి ఆపేయండి.

బోరాన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ కుటుంబం మొక్కలన్నిటికీ అది కాస్త ఎక్కువే కావాలి. లోపిస్తే కాండం లోపల బోలుగా మారి గోధుమరంగు పట్టుతుంది, పువ్వు మీద గోధుమ మచ్చలు వస్తాయి. నాటిన నెలకి ఒకసారి, ఒక గ్రాము బోరాక్స్‌ను కొంచెం గోరువెచ్చని నీటిలో కరిగించి, లీటరు చేసి ఆకుల మీద పిచికారీ చేస్తే సరిపోతుంది. మంచిదని మళ్లీ మళ్లీ కొట్టకండి. బోరాన్ కొంచెం ఎక్కువైనా ఆకుల అంచులు మాడతాయి. బోలు కాండం కనబడిన ప్రతిసారీ బోరాన్ లోపమే అనుకోనక్కర్లేదు. నత్రజని ఎక్కువై మొక్క గబగబా పెరిగినా అలాగే అవుతుంది. లోపల శుభ్రంగా తెల్లగా ఉంటే నిక్షేపంగా తినొచ్చు.

పురుగులతో పోరు

బ్రకోలీకి అసలు శత్రువు డైమండ్ రెక్కల పురుగు. సన్నటి లేతాకుపచ్చ గొంగళి. ముట్టుకుంటే గిలగిలా కొట్టుకుని, దారం మీద కిందికి జారుతుంది. చిన్నప్పుడు ఆకు అడుగు నుంచి గీకి తిని పైపొరను వదిలేస్తుంది, అందుకే ఆకు మీద అద్దాల్లాంటి మచ్చలు కనిపిస్తాయి. ప్రపంచంలో ఎన్నో రకాల పురుగుమందులకు అలవాటుపడిపోయిన పురుగు ఇది. దీని మీద దుకాణంలో ఇచ్చిన ఘాటు మందు కొట్టి, అదే పువ్వు పిల్లలకు పెట్టడంలో అర్థం లేదు.

నన్నడిగితే ఖర్చు పెట్టాల్సింది వల మీద. 40 మెష్ కీటక నిరోధక వలను నాలుగు కర్రల మీద పందిరిలా వేసి, అంచులు ఇటుకలతో నొక్కేయండి. నాటిన రోజునే వేయాలి. వారం ఆగి వేస్తే గుడ్లు పెట్టే రెక్కల పురుగు లోపలే ఉండిపోతుంది. బీరకో కాకరకో వల కడితే తేనెటీగలు రాక కాయ పట్టదు. బ్రకోలీకి ఆ ఇబ్బంది లేదు. మనం తినేది మొగ్గే, కాయ కట్టాల్సిన పని లేదు కాబట్టి కోత దాకా వల తీయకుండా ఉంచొచ్చు.

వల లేనివాళ్లు రోజూ ఉదయం ఆకులు తిప్పి చూడటం అలవాటు చేసుకోవాలి. ఆకు అడుగున గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల ముద్ద కనబడితే అది పొగాకు లద్దె పురుగుది. ఆ ఒక్క ఆకు తెంపేస్తే వందల పురుగులు పోయినట్టే. పక్క కుండీలో నాలుగు ఆవగింజలు ముందే చల్లి పెంచితే డైమండ్ రెక్కల పురుగు, పేనుబంక ముందు దాని మీద వాలతాయి. అక్కడే వాటిని చంపేయొచ్చు. గొంగళ్లు మరీ ఎక్కువైతే బాసిల్లస్ తురింజెన్సిస్, అంటే దుకాణాల్లో 'బీటీ' అని అడిగే జీవ మందు, లీటరుకి ఒక గ్రాము చొప్పున సాయంత్రం కొట్టాలి. ఎండ తగిలితే దాని పవరు పోతుంది. వారానికి మరోసారి కొట్టాలి.

పేనుబంక మొదట్లో పట్టినప్పుడు నీళ్ల పైపు ధారతో కొడితే చాలావరకు రాలిపోతుంది. తగ్గకపోతే లీటరుకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె. ఈ ఆకు మీద మైనం పొర ఉంటుంది కనుక మందు నిలవకుండా జారిపోతుంది. కాబట్టి కుంకుడు రసమో, ద్రవ సబ్బో తప్పకుండా కలపండి. పేనుబంకను తినే అక్షింతల పురుగులు (లేడీబర్డ్‌లు) తిరుగుతుంటే మాత్రం మందు ఆపి వాటి పని వాటిని చేసుకోనివ్వండి. పువ్వు కట్టడం మొదలయ్యాక వేపనూనె కొట్టకూడదు. మొగ్గల్లో ఆ చేదు ఉండిపోతుంది.

ఆకు అంచు నుంచి లోపలికి 'వి' ఆకారంలో పసుపు మచ్చ వచ్చి, ఈనెలు నల్లబడితే అది నల్లకుళ్లు. విత్తనంతో కూడా వచ్చే బ్యాక్టీరియా తెగులు ఇది. ఆ ఆకులు తీసి చెత్తలో వేయండి, కంపోస్టులో వద్దు. ముదిరితే మొక్కనే పీకేయాలి.

కోత

నాటిన 50 రోజుల తర్వాత నడిమధ్యలో ఆకులు లోపలికి ముడుచుకుంటున్నట్టు కనిపిస్తాయి. వాటి మధ్య చిన్న పచ్చటి గుండీ. అక్కడినుంచి రోజూ చూడాల్సిందే. పువ్వు నాలుగు నుంచి ఆరు అంగుళాల వెడల్పుకి వచ్చి, మొగ్గలు బిగువుగా ఉన్నప్పుడు కోయండి. మార్కెట్‌లో చూసినంత సైజు కోసం ఆగొద్దు. కుండీలో పెంచినదానికి పావు కిలో వస్తే అది మంచి కాపే. అంచుల్లోని మొగ్గలు ఉబ్బి, వదులవుతున్నాయంటే సైజుతో పని లేదు, ఆ పూటే కోసేయాలి. ఒకవేళ పసుపు పూలు పూసేసినా పారేయనక్కర్లేదు, అవీ తినదగినవే, రుచి కొంచెం ఘాటు.

పొద్దున్నే, ఎండ ఎక్కకముందే కోయాలి. అయిదారు అంగుళాల కాడతో, పదునైన కత్తితో ఏటవాలుగా. అడ్డంగా కోస్తే మిగిలిన మోడు మీద మంచునీరు నిలిచి కుళ్లుతుంది. మొక్కను పీకకండి. ఆకుల మొదళ్ల నుంచి పక్క పిలకలు వచ్చి, రెండు మూడు వారాల్లో రెండు అంగుళాల చిన్న పువ్వులు పూస్తాయి. కోత అయిన వెంటనే ఒకసారి చెక్కనీళ్లు పోస్తే అవి ఇంకా బాగా వస్తాయి. వీటి కాడలు లేతగా ఉండి, రుచిలో పెద్ద పువ్వునే మించిపోతాయి.

కోసిన బ్రకోలీ గబగబా వాడిపోయే సరుకు. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. అరటిపండ్లు, టమాటాల పక్కన మాత్రం వద్దు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి మొగ్గలు పసుపెక్కుతాయి. వండే ముందు పదిహేను నిమిషాలు ఉప్పునీళ్లలో తలకిందులుగా ముంచితే, దాక్కున్న గొంగళ్లు, పేనుబంక బయటికి వస్తాయి. కాడ పైతొక్క తీసి ముక్కలు కోసుకోవచ్చు, లేతాకులు క్యాబేజీలాగే పప్పులో వేసుకోవచ్చు. బ్రకోలీకి గొప్పదనం తెచ్చిన సల్ఫొరాఫేన్ అనే పదార్థం తయారు కావాలంటే దానిలోని మైరోసినేజ్ అనే ఎంజైము పనిచేయాలి. ఎక్కువసేపు ఉడికిస్తే అది చచ్చిపోతుంది. పచ్చి ఆవాల్లో కూడా ఆ ఎంజైము ఉంది. పొయ్యి దించి, కాస్త చల్లారాక ఆవ పెట్టే మన గోదావరి వంట పద్ధతి ఈ కూరకి అందుకే బాగా నప్పుతుంది.

ఫిబ్రవరి చివరికి ఎండ పెరిగి పిలకలు కూడా కోసేలోపే పూసేస్తుంటాయి. అప్పుడు మొక్కను వేళ్లతో సహా తీసేసి, మట్టిని గుమ్మరించి, వారం పాటు ఎండలో ఆరబెట్టండి. మళ్లీ ఎరువు కలిపి బెండ, గోరుచిక్కుడు, తోటకూర ఏదైనా వేసుకోవచ్చు. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవ మాత్రం ఆ మట్టిలో కనీసం రెండేళ్లు వద్దు. వచ్చే సెప్టెంబరు బ్రకోలీకి వేరే బకెట్లు చూసుకోండి.